సైరన్‌కు అరగంట ముందు

ఆ రోజు పటేలుకు ఆ వేళ చెప్పింది నేనేనని సారుకు తెలుసా, తెలియదా? ఇరవై రెండేళ్లుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. అడగాల్సిన మనిషి దూరంగా ఏమీ లేరు. నిజామాబాద్‌లో బస్సెక్కితే గంటలోపు బోధన్. అక్కడ పిట్టల కోసం గోడ మీద నీళ్ల మూకుడు పెట్టే ఆ పాత ఇంట్లోనే ఉండేవారు. ఉన్నారు కాబట్టే, ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాను.

మొన్న సెప్టెంబరు మొదట్లో, ఇంటర్ పిల్లలకు బోర్డు మీద వానపాము బొమ్మ గీస్తుంటే ప్యూను వచ్చి, ఆఫీసులో నాకు ఫోన్ ఉందన్నాడు. డిగ్రీలో నాకు జువాలజీ చెప్పిన సారు ఆ తెల్లవారి నమాజుకు లేచి, చేతులు కాళ్లు కడుక్కుంటూ అక్కడే పక్కకు ఒరిగిపోయారట. క్లాసుకు తిరిగి వచ్చి బొమ్మ పూర్తి చేశాను. ఎందుకు పూర్తి చేశానో తెలియదు. తర్వాత బస్టాండుకు పోయాను.

నేను చేరేసరికి జనాజా లేచిపోయింది. లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య సారు భార్య కూర్చుని ఉంది. ఆమెను మేమంతా ఆపా అనే పిలిచేవాళ్లం. ఆపా నా చెయ్యి పట్టుకుంది. నలభయ్యోనాటి ఫాతెహా ప్రార్థనకు రమ్మని, పిట్టల లెక్కలు రాసిన రిజిస్టరు నాకే ఇవ్వమని సారు చెప్పి ఉంచారని అంది. సరేనని బయటికి వచ్చాను. ఖబరస్తాన్ దాకా పోయినవాళ్లు అప్పుడే తిరిగి వస్తున్నారు. వాళ్ల వెనుక కాస్త ఎడంగా, తలకు తెల్ల రుమాలు చుట్టుకున్న ముసలాయన ఒకరు కర్ర ఊతంగా నడిచి వచ్చి గేటు దగ్గర ఆగిపోయారు. రెండోసారి చూస్తేగాని గుర్తు పట్టలేదు. ఆయనే పటేలు. ఇరవై రెండేళ్లలో ఆ గడపకు రావడం ఆయనకు అదే మొదటిసారి.

ఆయన ఎవరో, ఆయన్ను చూసి నేను ఎందుకు అక్కడే ఆగిపోయానో తెలియాలంటే ముందు సారు తెలియాలి.

సారు బోధన్ నుంచి రోజూ బస్సులో నిజామాబాద్ కాలేజీకి వచ్చేవారు. ఎప్పుడూ ఎడమపక్క కిటికీ సీటే. అటువైపు కాలువ కనిపిస్తుందని. మెడలో ఒక పాత బైనాక్యులర్. దాని తోలుపట్టీ తెగిపోతే ఆపా తన పాత ఓణీ అంచు చించి కుట్టి ఇచ్చింది. ఒక కంటి అద్దానికి లోపల బూజు పట్టింది కాబట్టి ఎప్పుడూ ఎడమ కన్ను మూసుకునే చూసేవారు. అలవాటైపోయి, బైనాక్యులర్ లేకుండా ఎదుటి మనిషిని చూసినా ఒక్కోసారి ఎడమ కన్ను మూసుకునేవారు. క్లాసులో దీనికి మేం చాటుగా నవ్వేవాళ్లం.

చంకలో ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు ఉండేది. తేదీ, చోటు, పిట్ట, ఎన్ని, వేళ. అన్నిటికంటే చివరన ఒక గడి, దాని పైన 'సందేహం' అని రాసి ఉండేది. ఖాయంగా తెలిసింది ఇంకుతో రాసేవారు. తెలియంది పెన్సిలుతో. మేం తప్పు రాసినప్పుడు రబ్బరు తీస్తే చెయ్యి పట్టుకుని ఆపేవారు. "సిగ్గుపడి తుడిపెయ్యకు బేటా. ఖాయమైనంక దాని మీద ఇంకు పెడ్తం. కాకుంటే పెన్సిలు పెన్సిలుగనే ఉంటది, దానికేం ముండ్లున్నయా?" అనేవారు. ఆ వయసులో ప్రతి మాటా రెండుసార్లు వెనక్కి తీసుకునేదాన్ని నేను. నాకూ ఒక గడి ఉందని అప్పుడే తెలిసింది.

ఇంకో అలవాటు. ఏ పిట్ట కనిపించినా పుస్తకంలో పేరు చెప్పేవారు కాదు. పక్క చేనులో ఎవరున్నా కేకేసి, "మీ దిక్కు దీన్ని ఏమంటరు?" అని అడిగేవారు. వాళ్లు చెప్పిందే ముందు రాసుకుని, పుస్తకం పేరు దాని కింద రాసేవారు.

నేను ఆయన కంట్లో పడింది బీడీల వల్ల. మా ఇంట్లో అమ్మ, నేను బీడీలు చేసేవాళ్లం. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. చిన్నప్పటి నుంచీ చేసినదాన్ని కాబట్టి ఇరవై అయిదు ఎంతుంటుందో లెక్కపెట్టకుండానే కనిపించేది. గుంపులో పిట్టలెన్నో అంచనా వేయడం ఎట్లాగో నేర్పడానికి సారు ఒకరోజు ల్యాబు బల్ల మీద గుప్పెడు శనగలు జల్లి, వెంటనే గుడ్డ కప్పేసి ఎన్నని అడిగారు. ఒకరు యాభై అన్నారు, ఒకరు మూడు వందలన్నారు. నేను ఆలోచించకుండా, "నాలుగు కట్టల మీద ఆరు సార్," అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. బీడీల పిల్ల అని వెనక బెంచీ నుంచి వినపడింది. సారు తీరిగ్గా శనగలన్నీ ఏరి లెక్కపెట్టారు. నూట నాలుగు. అప్పుడు క్లాసు వైపు తిరిగి ఎడమ కన్ను మూసి, "ఈ కాలేజీల గిసువంటి కన్ను ఇంకెవరికన్న ఉన్నదా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నా ముఖం ఎంత వేడెక్కిందో ఇప్పటికీ గుర్తు.

ఆ అక్టోబరులో నన్ను బోధన్ అవతలి చేలకు తీసుకుపోతానన్నారు. మా బాపు ఒప్పుకోలేదు. పిట్టల్ని చూడటానికి అంత దూరం పోవడమేంది, మన ఇంటి మీద వాలవా అన్నాడు. తరువాతి ఆదివారం సారు ఆపాను వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చారు. ఆపా మా అమ్మ పక్కన చాప మీద కూర్చుని, తునికాకు కత్తిరించడం చూస్తూ, తాను కూడా వస్తానని, పిల్లను తన కొంగుకు కట్టుకుని తిరుగుతానని చెప్పింది. బాపు మరి మాట్లాడలేదు. ఆమెకు పిట్టలంటే ఏ ఆసక్తీ లేదని, ఎండకు తలనొప్పి వస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఆ తర్వాత రెండేళ్లూ నా కోసం ఆ తలనొప్పి భరించింది.

అనుకున్న రోజున బోధన్ దాటి, కోటగిరి రోడ్డు మీద మూడు నాలుగు మైళ్లు పోయాక బస్సు దిగాం. పొద్దు ఇంకా ఎక్కలేదు. కాలువ గట్టు మీద మంచుకు గడ్డి తడిసి ఉంది. ఒక పక్క వరి పాలు పోసుకుంటోంది, ఇంకో పక్క చెరుకు రెండు నిలువుల ఎత్తు. తంతి తీగల మీద కత్తెర తోకల పిట్టలు వందలు, వరుసగా, అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నాయి. సారు ఆగి టోపీ సర్దుకున్నారు. నెల కిందట ఇవి మంచు కొండల అవతల ఉన్నాయని, దారిలో ఎవరినీ అడగకుండా ఈ తీగ దాకా వచ్చాయని చెప్పారు. ఆపా వెనుక నుంచి, "మనకేమో మన బోధన్‌లనే బస్సు ఎక్కుటానికి ముగ్గురిని అడుగవడె," అంది. సారు నవ్వు ఆపుకోలేక బైనాక్యులర్ కళ్ల నుంచి తీసేశారు.

ఆ పొద్దంతా నా కళ్లకు పండుగ. వరి మీద బారెడు ఎత్తులో, రెక్క కదిలించకుండా ఈదుతున్నట్టు పోయే పిల్లిగద్ద. జొన్నచేను మీద మేఘంలా వాలి, మనిషి కేకకు మళ్లీ మేఘంలా లేచే గులాబీ గోరింకలు. శనగ వేయడానికి దున్నుతున్న ఒక చెలకలో నాగలి వెనుకే, ఎడ్ల కాళ్లకు అడ్డం పడేటంత దగ్గరగా, పసుపు పచ్చ పొట్టల చిన్న పిట్టలు తోకలు ఊపుతూ నడుస్తున్నాయి. నాగలి దున్నుతున్న మనిషిని సారు ఎప్పటిలాగే అడిగారు. తోకూపుడు పిట్ట అన్నాడాయన. సారు ముందు అదే రాసి, కింద కాటుకపిట్ట అని రాశారు.

ఆ చెలక పటేలుది. పటేలుకు అప్పుడు నలభై అయిదేళ్లుంటాయి. సారుతో పదేళ్ల స్నేహం. ఒకరినొకరు తిట్టుకోకుండా పలకరించుకోవడం నేను చూడలేదు. "వచ్చినవా సారూ? ఊరోళ్లను లెక్కవెట్టేటోళ్లు అయిదేండ్లకో పదేండ్లకో ఒకసారొస్తరు. నువ్వు పిట్టలకు ఏటేటా వస్తవు. ఓట్లేమన్న ఏపిస్తున్నవా ఆటితోని?" అన్నాడు. నన్ను చూపించి ఈ పిల్ల ఎవరని అడిగాడు. లెక్క మాస్టరు అన్నారు సారు.

మధ్యాహ్నం పటేలు బాయి కాడి కొట్టం నీడన కూర్చున్నాం. ఆపా కిచిడీ, పుల్లటి ఖట్టా విప్పింది. పటేలు ఇంటి నుంచి జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం వచ్చాయి. వీళ్లవి వాళ్లు, వాళ్లవి వీళ్లు తిన్నారు. అప్పుడు పటేలు, కాలువ పక్కనున్న నాలుగెకరాల చెరుకును ఈసారి కాల్చి కోయించాల్సి వస్తుందని చెప్పాడు. పోయినేడు అదే చేనులో కోతకు వచ్చిన ఒకామెను పాము కరిచింది. కోత ముఠా వాళ్లు నాందేడ్ దిక్కు నుంచి వస్తారు. కింది ఆకు కాల్చి, పాములు వెళ్లగొడితే తప్ప ఆ చేనులో అడుగు పెట్టమని ముఠా పెద్ద మరాఠీలో ఖరాఖండిగా చెప్పి పోయాడట.

సారు చేతిలోని రొట్టె పక్కన పెట్టేశారు. ఆ నాలుగెకరాలే ఆ తోకూపుడు పిట్టలకు రాత్రి పడక. పగలంతా చుట్టూ పది ఊళ్ల చేలలో మేసి, సాయంత్రం వేలకు వేలుగా ఆ చెరుకులోకే వచ్చి చేరతాయి. చెరుకును కాల్చేటప్పుడు పక్క చేనుకు పాకకుండా నాలుగు దిక్కులా ఒకేసారి అంటిస్తారు. గాలి పడిపోయాక, సాయంత్రం పూట. లోపల ఉన్నదానికి దారి ఉండదు.

కాల్చొద్దని సారు అనలేదు. పాము కరిచిన ఆమె బతికిందా అని అడిగారు. బతికిందని, కాలు మాత్రం ఇంకా వాపేనని పటేలు చెప్పాడు. సారు తల ఊపి, పిట్టలు రాకముందే అంటించమని, అదొక్కటే అడిగారు. పడమటి గట్టు మీద ఈతచెట్లు చూపించి, పొద్దు వాటి తలల మీద మూరెడు ఉండగానే నిప్పు పెట్టాలన్నారు. పటేలు ఎదమీద చెయ్యి పెట్టుకుని మాట ఇచ్చాడు.

సాయంత్రం చెరుకు ఎదురుగా గట్టు మీద కూర్చోబెట్టారు నన్ను. సారు చేతి గడియారం నా చేతికి. ఒళ్లో గులకరాళ్లు, ఒక కట్ట దాటినప్పుడల్లా ఒక రాయి గడ్డిలో వేయాలి. అయిదూ నలభైకి మొదటివి వచ్చాయి. ముందు రెండు, తర్వాత పది, ఆ తర్వాత కట్టలు కట్టలు. నేలకు ఆనుకునేంత కిందుగా, ఎగిరెగిరి పడుతూ వచ్చి, చెరుకు దగ్గరికి రాగానే రాళ్లు విసిరినట్టు లోపలికి పడిపోతున్నాయి. ఒడి ఖాళీ అయి, వేసిన రాళ్లే ఏరుకుని మళ్లీ వేశాను. లోపల నుంచి మక్కలు పేలుతున్నట్టు చిటపట చప్పుడు. ఆరింటికి బోధన్ షుగర్ ఫ్యాక్టరీ సైరన్ కూసింది. ఆ దిక్కు ఊళ్లన్నిటికీ అదే గడియారం. సైరన్ ఆగేసరికి చివరివి కూడా చేరిపోయాయి.

సారు మగ్రిబ్ నమాజుకు కొంచెం ఎగువన గట్టు మీద రుమాలు పరుచుకున్నారు. ఆపా ఇంకో పక్క. అప్పుడు పటేలు వచ్చి నా పక్కన గొంతు కూర్చున్నాడు.

"బిడ్డా, మీ సారు పొద్దును చూడుమంటడు. మబ్బువట్టిన నాడు పొద్దేడ కనవడ్తది? నాకు సైరన్‌తోని చెప్పు, కొట్టంల గడియారం దానితోనే కలుపుకుంట."

రిజిస్టరు నా ఒళ్లోనే ఉంది. మొదటి పిట్ట అయిదూ నలభై. సైరన్ ఆరు. ఇంకో పది నిమిషాలు కూడా నేనే కలిపి, జాగ్రత్తగా, గర్వంగా చెప్పాను.

"సైరన్‌కు అరగంట ముందు అంటియ్యి పటేలా. ఒక్క పిట్ట గూడ ఉండది."

ఆయన ఆ మాటను పెదాలతో ఇంకోసారి అనుకుని, సరేనన్నట్టు లేచాడు. పెద్దమనిషి ఒకాయన నన్ను అడిగి, నేను చెప్పింది మనసులో పెట్టుకోవడం నా బతుకులో అదే మొదలు. నమాజు అయ్యాక ఈ సంగతి సారుకు చెప్పలేదు. మరిచిపోలేదు. అది నాది అనిపించింది, నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ పొద్దున్నే సారు చెప్పారు, పిట్టలు పొద్దును పట్టి నడుస్తాయని, అక్టోబరు నుంచి పొద్దు రోజుకింత తొందరగా పడుతుందని. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

నవంబరు చివరలో చలికాలం లెక్కకు మళ్లీ పోయాం. బస్సు దిగుతూనే మాడు వాసన. ఆ నాలుగెకరాలు నల్లగా ఉన్నాయి. ఆకు కాలిపోయి, గడలు నిలబడి ఉంటే కోత ముఠా వాళ్లు మసి ముఖాలతో నరుకుతున్నారు. ముందు రోజు సాయంత్రం అంటించారట. ఆ రోజు పొద్దంతా మబ్బు, సూర్యుడు కనపడనే లేదు. సారు చేనులోకి దిగారు. నేనూ దిగాను. సాళ్ల మధ్య బూడిదలో కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. అంగుష్ఠమంత పిట్ట. పొట్ట మీద పసుపు అక్కడక్కడా మిగిలే ఉంది. అటు చూస్తే ఇంకొకటి. నా పాడు కన్ను వద్దన్నా కట్టలు కట్టింది.

సారు కొన్నిటిని ఏరి చేతిరుమాలులో పెట్టుకుంటున్నారు. పటేలు చేనికి అడ్డంపడి వచ్చాడు. అంతకు ముందు ఎన్నడూ వినని గొంతుతో సారు అన్నారు, "మాట ఇచ్చినవు గద పటేలా."

పటేలు సారును చూడలేదు. నన్ను చూశాడు. నా చేతిలో రిజిస్టరు ఉంది. నోరు తెరిస్తే చాలు. ఆయన తల దించుకున్నాడు.

"తప్పు నాదే సారూ. యాళ్ల సూసుకోలే."

ఇంకేమీ చెప్పలేదు. మబ్బు గురించి చెప్పలేదు. సైరన్ గురించి చెప్పలేదు. కొట్టం దగ్గరి నుంచి చెంబుతో నీళ్లు తెప్పించి సారుకు అందించాడు. సారు తీసుకోలేదు. రుమాలు మూట కట్టుకుని గట్టెక్కి రోడ్డు మీదికి నడిచారు. పటేలు చెంబు పట్టుకున్న చెయ్యి చాచి ఉండగానే ఆపా సారు వెంట పోయింది. ఆపా వెంట నేను.

సారు మళ్లీ ఆ ఊరికి పోలేదు. పదేళ్ల స్నేహం ఒక్క పూటతో అయిపోయింది. ఆ దిక్కు ఊళ్లలో కూడా మాట పాకింది, పటేలు సారుకు మాటిచ్చి తప్పిండని. మాట మీద నిలబడే మనిషిగా పేరున్న పటేలుకు అది ఎంత కొట్టిందో నేను తర్వాత అక్కడా ఇక్కడా వింటూనే ఉన్నాను. వింటూ ఊరుకున్నాను.

సారుకు తెలుసేమో అని మొదటిసారి అనిపించింది అదే డిసెంబరులో. రోజూ పొద్దుగూకే వేళ రాసుకు రమ్మని క్లాసులో అందరికీ పని పెట్టారు. నెలాఖరున అంకెలు బోర్డు మీద వేసి, "సైరన్ జరగదు, పొద్దు జరుగుతది," అన్నారు. అని కిటికీలోంచి బయటికి చూశారు. నా వైపు కాదు. సైరన్ మాట ఎందుకు ఎత్తారు? ఆ దిక్కున అందరూ సైరన్‌తోనే పొద్దు లెక్క పెడతారు కాబట్టి మామూలుగానే ఎత్తారా? ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు తిప్పి చూశానో.

నా మీద ఆయనకు కోపం వచ్చిన గుర్తు ఒక్కటీ లేదు. ఎమ్మెస్సీ సీటు వచ్చి నేను హైదరాబాదు పోతుంటే, బస్టాండుకు వచ్చి ఆ బైనాక్యులర్ నా మెడలో వేశారు. ఒక్క కన్ను చాలు, రెండోది సందేహానికి ఉంచుకో అన్నారు. మా బాపు ఆ రోజు సారుకు పాన్ కట్టి ఇచ్చి, మన ఇంటి మీది పిట్టలకు ఇంత చదువుందని తనకు తెలవదన్నాడు. సారు పగలబడి నవ్వారు. చదువయ్యి వచ్చి నిజామాబాద్‌లో కొలువు దొరికాక, రెండు మూడు నెలలకోసారి బోధన్ పోయేదాన్ని. సారు రిటైరైన తర్వాత వసారాలో కుర్చీ వేసుకుని, గోడ మీద మూకుడుకు వచ్చే పిట్టల్ని కూడా రిజిస్టరులో ఎక్కించేవారు. నన్ను చూడగానే, "ఏం లెక్క మాస్టరూ," అనేవారు. ప్రతిసారీ చెప్పాలని పోయి, ప్రతిసారీ చాయ్ తాగి వచ్చేదాన్ని. ఒకసారి మాత్రం ఉన్నట్టుండి, కోటగిరి రోడ్డు దిక్కు ఎప్పుడన్నా పోతున్నానా అని అడిగారు. లేదన్నాను. పటేలు ఎట్లా ఉన్నాడో ఏమో అన్నారు. చెప్పడానికి అంతకన్న మంచి సందు దొరకదు. ఆపా కప్పులు తీసుకుపోవడానికి వచ్చింది. నేను లేచి కప్పులు అందుకున్నాను.

మళ్లీ గేటు దగ్గరికి వస్తాను. పటేలు లోపలికి రాలేదు. నన్ను చూసి, "మంచిగున్నవా బిడ్డా? నీకూ ఎంటికలు తెల్లవడ్డయి," అన్నాడు. ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి కాలి వేళ్లకేసి చూసుకున్నాడు.

"సెప్తే నిన్ను మల్ల బయిటికి రానిచ్చేటోళ్లా మీ ఇంట్ల? సదువుకునే పిల్లవు. నాదేమున్నది, చెరుకేసుకునేటోణ్ణి."

"సారుకు ఎన్నడన్న చెప్పినవా?"

"నేనెందుకు సెప్త? నీళ్లు గూడ తాగకపాయె ఆ మనిషి. ఇయ్యాల మట్టేసి వచ్చిన, గంతే."

నేను అందరికీ చెప్తానన్నాను. గది ఇప్పుడెందుకు బిడ్డా అన్నాడు. వినేటోడు పోయిండు అన్నాడు. కర్ర తిప్పుకుని బస్టాండు దిక్కు నడిచాడు.

వద్దన్న మాటను కాదని ఇప్పుడిది రాస్తున్నాను. ఇది ఆయన కోసం రాస్తున్నానా, నా కోసమా అన్నది కూడా నాకు నమ్మకంగా తెలియదు. కానీ కోటగిరి రోడ్డు మీది ఊళ్లలో ఎవరైనా దీన్ని చదివితే, ఒక్క సంగతి ఇంకుతో రాసుకోవచ్చు. పటేలు మాట తప్పలేదు. ఆయన తనకు చెప్పిన వేళకే నిప్పు పెట్టాడు. ఆ వేళ నేను చెప్పింది.

నలభయ్యోనాడు అక్టోబరు నడుమకు వచ్చింది. ఫాతెహా అయ్యాక ఆపా ఎర్ర అట్ట రిజిస్టరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అడగలేక అడగలేక ఆపానే అడిగాను, ఆ చెరుకు కాలిన సంగతి సారు ఎప్పుడన్నా మాట్లాడేవారా అని. ఆపా, పిట్టల్ని మూటకట్టిన ఆ రుమాలు తను ఉతకబోతే సారు ఉతకనివ్వలేదని, ఎక్కడ పెట్టారో తనకు తెలియదని చెప్పింది. అంతకు మించి ఆయన ఇంట్లో మాట్లాడలేదట.

వసారాలో కూర్చుని పుటలు తిప్పాను. ఆ అక్టోబరు రోజు దొరికింది. నా చేతిరాత. తోకూపుడు పిట్ట. వేళ గడిలో, మొదటివి అయిదూ నలభై, సైరన్ ఆరు. పక్కన సందేహం గడిలో సారు పెన్సిలుతో ఒక చిన్న గీత. అడ్డంగా, అంతే. మాట లేదు. నవంబరు పుటలో సారు ఇంకుతో రెండు ముక్కలు: చేను కాలింది. వేళ తప్పింది. ఎవరు తప్పారో రాయలేదు. ప్రతి పుటకూ కింద చూసినవాళ్ల పేర్లు ఉంటాయి. ఆ పుటకు లేవు.

ఆ పెన్సిలు గీత ఎప్పుడు పెట్టారు? అదే రోజా, కాలిన తర్వాతా, మొన్న మొన్ననా? అక్టోబరు లెక్కలో నూట ముప్పై కట్టలంటే నమ్మలేక పెట్టిన గీత కూడా కావచ్చు.

సాయంత్రం బస్సులో ఎడమపక్క కిటికీ సీటు దొరికింది. ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెరుకు. పొద్దు ఈతచెట్ల మీద మూరెడు కూడా లేదు. ఎక్కడి నుంచో రెండు పిట్టలు నేలకు ఆనుకున్నట్టు వచ్చి, బస్సు ముందు నుంచే రోడ్డు దాటి చెరుకులో పడ్డాయి. వాటి వెనుక పది. రిజిస్టరు తెరిచి, సారు ఆపిన చోట కింది వరుసలో తేదీ రాశాను, చోటు రాశాను. కుదుపులకు పెన్సిలు వంకర్లు పోయింది. కట్టలు కట్టలుగా వస్తున్నాయి. నేను లెక్కపెట్టలేదు.

సారుకు తెలిసి ఉంటే, నన్ను కాపాడటానికి స్నేహితుణ్ణి ఇరవై రెండేళ్లు దోషిగా నిలబెట్టారని అర్థం. తెలియకపోతే, ఆ స్నేహితుణ్ణి సారు దగ్గర నుంచి తీసేసింది నేను. ఈ రెంటిలో ఏది నిజమో నాకు తెలియదు. ఏది నిజమైతే బాగుండునో కూడా తేల్చుకోలేకపోయాను. చివరి గడిలో పెన్సిలు ఆనించి ఉంచాను. బస్సు నిజామాబాద్ వచ్చేదాకా అక్కడ చుక్క ఒక్కటే పడింది.